ఈ అల్ట్రాసోనిక్ మెషీన్ సీరంని లోపలికి పంపుతుందా, అద్దం మీద చల్లుతుందా?

హాయ్ అండీ, బాగున్నారా? ఇదిగో, మొహం మీద నడిపే అల్ట్రాసోనిక్ స్కిన్ స్క్రబ్బర్, కొసకి వణికే లోహపు రేకు ఉంటుంది. సీరం, అంటే మొహానికి రాసుకునే పల్చటి ద్రవం, దీంతో లోపలికి వెళ్తుందంటారు. ముందే చెప్పేస్తున్నాను, ఈ మెషీన్ నేను కొన్నది కాదు. కంపెనీ వాళ్ళు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు గానీ, వీడియోలో ఏం మాట్లాడాలో రాసి ఒక కాగితం కూడా డబ్బాలో పెట్టారు. అందులో మొదటి లైన్, "సీరం ఎన్నో రెట్లు లోతుగా ఇంకుతుంది" అని. ఆ లైన్ నేను చదవడం లేదు. ఎందుకు చదవడం లేదో చెప్పడానికే ఈ వీడియో.

బ్యాటరీ, ఛార్జింగ్, ఎన్ని మోడ్‌లు, ఇవన్నీ మీరు ఈపాటికి చూసే ఉంటారు. మళ్ళీ మొదలుపెట్టను. చేతిలో బాగానే అమిరింది. ఆన్ చేస్తే సన్నగా కీచుమంటుంది, అది నాకు నచ్చలేదు. అంతే.

ఇక నా అసలు గోల ఈ తుంపర గురించి. ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. చెయ్యి తడిగా ఉంది, రేకు అంచు ఆనించాను... చూశారా, పొగలా లేచింది! యాడ్‌లో సరిగ్గా ఇదే చూపించి, వెనక మ్యూజిక్ వేసి, సీరం నానో కణాలుగా మారి చర్మంలోకి దూసుకుపోతోందని చెబుతారు. మొదటి రోజు నేనూ నోరు తెరుచుకుని చూశాను. మూడో రోజు అద్దం తుడుస్తుంటే చేతికి జిడ్డు తగిలింది. నీళ్ళ మరకలు కావండీ, సీరం! అప్పుడు వెలిగింది బుర్ర. తుంపర లేస్తున్నది పైకి కదా? లోపలికి వెళ్ళాల్సింది బయటికి ఎగురుతోంది. చెంపకి రాసుకున్నదంతా అద్దం తాగేస్తోంది. ఇంకించడం సంగతి తర్వాత, అసలుకే ఎసరు.

ఇందులో మాయ కూడా ఏమీ లేదు. డబ్బా మీద 24 కిలోహెర్ట్జ్ అని ఉంది. అంటే రేకు సెకనుకి 24,000 సార్లు వణుకుతోంది. దాని మీద ఏ తడి ఉన్నా విదిలించేస్తుంది. గదిలో పెట్టుకునే అల్ట్రాసోనిక్ హ్యూమిడిఫయర్ పొగ వదిలేది కూడా నీళ్ళని ఇలా వణికించే. దాన్ని చూసి నీళ్ళు గోడలోకి ఇంకుతున్నాయని ఎవరూ అనరు కదా!

అయితే అల్ట్రాసౌండ్‌తో మందు చర్మం దాటదా అంటే, దాటుతుంది. అది నిజం. 1954లోనే ఫెలింగర్, ష్మిడ్ అనే ఇద్దరు వేళ్ళ కీళ్ళవాపుకి హైడ్రోకార్టిసోన్‌ని ఇలా పంపి చూశారు. 1995లో సమీర్ మిత్రగోత్రి అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు తక్కువ ఫ్రీక్వెన్సీ అల్ట్రాసౌండ్‌తో ఇన్సులిన్ లాంటి పెద్ద అణువుని కూడా మనిషి చర్మం దాటించారు. దీన్ని సోనోఫోరిసిస్ అంటారు. ద్రవంలో సన్నటి బుడగలు పుట్టి పగిలి, చర్మం పైపొరలోని కొవ్వు అమరికని కాసేపు చెదరగొడతాయి. ఆ సందుల్లోంచి మందు వెళ్తుంది.

కంపెనీలు చూపించేది ఆ ప్రయోగాలని, అమ్మేది ఈ రేకుని. అక్కడ కొలిచిన పవర్, ద్రవంలో ముంచి ఒకేచోట కదలకుండా నిలిపిన ప్రోబ్, అంటే అల్ట్రాసౌండ్ వదిలే కడ్డీ. ఇక్కడ నేను పాటలు వింటూ చెంప మీద గీకుతున్నాను. పైగా గాలి అల్ట్రాసౌండ్‌ని దాదాపు మొత్తం వెనక్కి తిప్పికొడుతుంది. ఆసుపత్రిలో స్కానింగ్‌కి ముందు జెల్ పూసేది అందుకే. రేకు కాస్త లేచిందా, అక్కడితో సరి. ఇంట్లో వాడేవాటికి పవర్ కూడా తక్కువే పెడతారు, పెట్టాలి కూడా. లేకపోతే మొహం కాలుతుంది.

ఇంకొకటి, చర్మం దాటే అణువు బరువు సుమారు 500 డాల్టన్ల (అణువుల బరువు కొలిచే యూనిట్) లోపు ఉండాలని ఒక లెక్క ఉంది. సీరంలలో వాడే విటమిన్ B3 రూపం నయాసినమైడ్ 122. దానికి మెషీన్ తోడు పెద్దగా అక్కర్లేదు. నా సీరంలో ఉన్న హైలురానిక్ యాసిడ్ సాధారణంగా లక్షల్లో ఉంటుంది. అది పైన కూర్చుని తేమ పట్టి ఉంచుతుంది, దాని పని అదే.

అయినా ఆరు వారాలు వాడాను. ఎడమ చెంపకి మెషీన్, కుడి చెంపకి వట్టి వేళ్ళు. ఏది ఏదో చెప్పకుండా ప్రతి ఆదివారం మా అక్కని అడిగాను. ఒకసారి ఎడమ బాగుందంది, రెండుసార్లు కుడి అంది, మిగతా వారాలు "నన్ను వదిలెయ్యవే తల్లీ" అంది. ఒక్క మొహం మీద చేసింది రుజువు కాదనుకోండి. కానీ ఒకటి గమనించాను. మెషీన్ పెట్టిన వైపు సీరం త్వరగా ఆరిపోయేది. ఇంకిపోతోందనే అనుకున్నాను. అనుమానం వచ్చి గాజు పలక మీద రెండు చుక్కలు వేసి రేకు ఆడించాను. అక్కడా మాయం! గాజుకి కూడా ఇంకిందని నమ్మమంటారా?

ఇదివరకు నా దగ్గర సోనిక్ అని అమ్మిన ఫేస్ బ్రష్ ఒకటి ఉండేది. అది సెకనుకి కొన్ని వందల సార్లు ఊగేది, అంతే. డబ్బా మీద హెర్ట్జ్ అని ఉందో కిలోహెర్ట్జ్ అని ఉందో చూడండి. మనిషి చెవికి వినపడే హద్దు సుమారు 20 కిలోహెర్ట్జ్. అది దాటితేనే అల్ట్రా. ఇక దీంట్లో అయాన్ మోడ్ ఉందే, అది చిన్న కరెంటు. అల్ట్రాసౌండ్‌కీ దానికీ సంబంధం లేదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు దాని జోలికి వెళ్ళొద్దు.

ముక్కు మీద బ్లాక్‌హెడ్స్‌కి మాత్రం, ఒప్పుకోవాలి, బ్రహ్మాండం. మొహం బాగా తడిపి, రేకు ఏటవాలుగా పెట్టి మెల్లగా నడిపితే బయటికి వచ్చేది చూడటానికి అసహ్యంగానూ తృప్తిగానూ ఉంటుంది. వారానికి ఒకసారి చాలు. నేను ఆత్రంతో వరుసగా నాలుగు రాత్రులు గీకి, పైన రెటినాల్ (చర్మానికి ఘాటుగా ఉండే విటమిన్ A రూపం) రాశాను. రెండు రోజులు మొహం ఎర్రగా మండిపోయింది. ఒకవేళ నిజంగానే తలుపు తెరుచుకున్నా, సీరంలోని సెంటు కూడా అదే తలుపులోంచి వెళ్తుంది కదండీ.

కాబట్టి ముక్కుకి అయిదుకి నాలుగు, సీరంకి సున్నా. బ్లాక్‌హెడ్స్ కోసమైతే తీసుకోండి. సీరం ఇంకడానికైతే తడి మొహానికి వేళ్ళతో రాసుకుని, పైన క్రీమ్ వేసుకోండి. అప్‌లోడ్ చేసేముందు వీడియో పంపమన్నారు, నిన్ననే పంపాను. ఇంకా ఏమీ అనలేదు. ఉంటానండీ, అద్దం తుడవాలి.