బస్సు ఆత్రుతగా వెళ్ళదు: పిల్లల చేత సొంత వాక్యాలు ఎలా రాయించాలి?

[తెర మీద: ఆత్రుత = తొందర]

నమస్కారం. మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లల తెలుగు నోటుపుస్తకాలు తిరగేసిన వారందరికీ ఈ వరస పరిచయమే: ఎడమవైపు పదం, కుడివైపు అర్థం, దాని కింద సొంత వాక్యం. నాకు చిరాకు మొదలయ్యేది ఆ సొంత వాక్యం దగ్గరే. 'ఆత్రుత' అంటే తొందర అని బోర్డు మీద రాసి వాక్యం రాయమంటే, 'బస్సు ఆత్రుతగా వెళ్ళింది' అని రాసే పిల్ల ఒకరైనా ఉంటారు. టీచరు దాని కింద ఎర్రగీత గీస్తారు. ఇంట్లో అమ్మ 'పాఠం సరిగ్గా చదవలేదా?' అని కసురుతుంది. నిజానికి పిల్ల చదివింది, మనం చెప్పినదాన్ని చెప్పినట్టే నమ్మింది కూడా. తొందరగా వెళ్ళే బస్సు ఆత్రుతగా వెళ్ళకూడదని మనం ఇచ్చిన పట్టికలో ఎక్కడా లేదు.

ఈ చిక్కు మన పిల్లలకే పరిమితం కాదు. అమెరికాలో జార్జ్ మిల్లర్, ప్యాట్రీషియా గిల్డియా అనే పరిశోధకులు, పిల్లలు మాటలు నేర్చుకునే తీరు గురించి 1987లో ప్రచురించిన వ్యాసంలో అచ్చంగా ఇలాంటి వాక్యాలే కనిపిస్తాయి. నేల కోసుకుపోవడాన్ని చెప్పే 'ఇరోడ్' అనే మాటకు నిఘంటువులో 'ఈట్ అవుట్' అన్న అర్థం కనబడగానే, హోటల్లో తినడానికి కూడా ఇంగ్లీషులో ఆ మాటే వాడతారు కనుక, తమ కుటుంబం తరచుగా 'ఇరోడ్' అవుతుందని ఒక బిడ్డ రాసింది. మన బస్సుకు అమెరికాలో ఉన్న తోబుట్టువు ఈ వాక్యం. అదే వ్యాసంలో, పిల్లలు సగటున రోజుకు 13 కొత్త మాటల దాకా నేర్చుకుంటారని కూడా వారు లెక్క వేశారు. బడిలో అన్ని మాటలకు ఎవరూ అర్థాలు చెప్పించరు. పిల్లలు వాటిని ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నారో విని పట్టుకుంటారు.

అలాంటప్పుడు కథలు చదివిస్తే చాలదా అని మీరు అడగవచ్చు. చదివించాలి, అందులో సందేహం లేదు. అయితే చదివేటప్పుడు తెలియని మాటను దాటేసినా కథ ఆగదు. రాసేటప్పుడు ఆ వెసులుబాటు ఉండదు. పదాన్ని ఎవరి పక్కన పెట్టాలో, ఏ సందర్భంలో పెట్టాలో పిల్లలే తేల్చుకోవాలి. అందుకే రాతను పట్టుకుని మాట్లాడుతున్నాను.

[తెర మీద: రమ ఆత్రుతగా ఉంది.]

ఈ వాక్యాన్ని చూడండి. తప్పు లేదు, మార్కు కూడా పడుతుంది. ఇప్పుడు 'ఆత్రుతగా' తీసేసి 'కోపంగా' పెట్టండి, 'నీరసంగా' పెట్టండి, 'ఎర్రగా' పెట్టండి, వాక్యం చెక్కుచెదరదు. ఏ మాట పెట్టినా నిలబడే వాక్యం, ఆ పిల్లకు ఆ మాట తెలుసనడానికి రుజువు కాదు. నా దృష్టిలో 'బస్సు ఆత్రుతగా వెళ్ళింది' అన్న తప్పు వాక్యమే దీనికన్నా మెరుగు, ఎందుకంటే పిల్ల ఎక్కడ పొరబడిందో అది చూపిస్తుంది.

కాబట్టి వరసను తిరగేద్దాం. పదం గాని అర్థం గాని చెప్పకుండా ముందు సందర్భం ఇవ్వండి: 'ఊరి నుంచి నాయనమ్మ వస్తోంది. బస్సు ఎనిమిది గంటలకు రావాలి, ఇంకా రాలేదు. స్టాండులో నిలబడ్డ రమ ఏం చేస్తోందో రాయండి.' పిల్లలు తమకు వచ్చిన మాటలతోనే రాస్తారు. మాటిమాటికీ రోడ్డు వైపు చూసిందని, ప్రతి బస్సు బోర్డూ చదివిందని, 'ఎప్పుడొస్తుంది నాన్నా' అని అడిగిందని రాస్తారు. అప్పుడు మీరు 'ఇలా ఉండడాన్నే ఆత్రుత అంటారు, మీరు రాసినదాంట్లో ఈ మాట ఎక్కడ పడుతుందో చూసి రాయండి' అనండి. అర్థాన్ని పిల్లలు అప్పటికే రాసేశారు. మీరు అందించింది దాని పేరు మాత్రమే.

ఇక మన పాత బస్సు సంగతి. 'బస్సు ఆత్రుతగా వెళ్ళింది' అని రాసిన పిల్లతో తప్పు అనకండి, 'బస్సుకు ఏం కావాలి?' అని అడగండి. పిల్ల కాసేపు ఆలోచించి 'బస్సుకేం కావాలి, డ్రైవరుకు ఇంటికి వెళ్ళాలని ఉంది' అనవచ్చు. అలా అన్నదంటే ఆత్రుత బస్సును వదిలి మనిషి దగ్గరకు చేరినట్టే. 'బస్సుకు వాళ్ళ అమ్మను చూడాలని ఉంది' అని నవ్విందనుకోండి, ఇంకా మంచిది, ఆ వాక్యాన్ని అలాగే ఉంచండి. కవులు చేసే పనిని పిల్లలు తెలిసి చేస్తే దానికి ఎర్రగీత ఎందుకు?

అదే బస్సులో మరో ఇద్దరిని ఎక్కిద్దాం, ఎందుకంటే ఒక మాట హద్దు దాని పక్క మాటల దగ్గరే తెలుస్తుంది. సమయానికి ఆఫీసుకు చేరాలనుకునే ఆయనది తొందర. కండక్టరు దగ్గరకు వస్తుంటే జేబులో టికెట్టు దొరకని అబ్బాయిది కంగారు. నాయనమ్మను ఎప్పుడు చూస్తానా అని ఎదురుచూసే రమది ఆత్రుత. ముగ్గురి గురించీ తలా ఒక వాక్యం రాయించి, ఆ తరువాత మాటలను అటూ ఇటూ మార్పించండి. రమకు కంగారు అంటగడితే నాయనమ్మ తప్పిపోయిందేమో అనిపిస్తుంది, కథే మారిపోతుంది. ఆ తేడాను పిల్లలు తామే పట్టుకుని చెబుతారు.

సమయం దగ్గర పడింది కనుక మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. ఇంకా రాయడం రాని పిల్లలైతే వారు చెబుతుంటే మీరు రాయండి, కాని వారి మాటలను మీ గ్రాంథికంలోకి మార్చకండి. ఇంట్లో 'ఆత్రం' అని విన్న పిల్ల ఆత్రం అనే రాస్తే ఒప్పుకోండి, పుస్తకంలోని మాటను దాని పక్కన పరిచయం చేయండి. ఒత్తులు, దీర్ఘాలు ఆ రోజే దిద్దకండి. అక్షరదోషాలకు భయపడిన పిల్ల మళ్ళీ తనకు స్పెల్లింగు వచ్చిన మాటలతోనే సరిపెడుతుంది. వారం తరువాత ఆ మాట గుర్తు చేయకుండా పరీక్షా ఫలితాల కోసం ఎదురుచూసే అన్నయ్య గురించి రాయమని, ఆత్రుత తనంతట తాను వస్తుందేమో చూడండి. విదేశాల్లో వారాంతపు తెలుగు తరగతులు నడిపే వారికి ఇది మరీ అవసరం, ఎందుకంటే అక్కడ పదం పక్కన ఇంగ్లీషు మాట చేరుతుంది, బస్సు మళ్ళీ బయలుదేరుతుంది.

చివరగా, పరీక్షలో సొంత వాక్యం ఒక్కటే అడుగుతారు కదా, ఇంత రాయించే వ్యవధి ఎక్కడిది అనే టీచర్లకు ఒక మాట. ఆ ఒక్క వాక్యంలోనే 'ఎందుకంటే' అన్న మాట తప్పకుండా రావాలని నియమం పెట్టండి. 'రమ ఆత్రుతగా ఉంది, ఎందుకంటే నాయనమ్మ వచ్చే బస్సు ఇంకా రాలేదు' అని రాస్తే రెండు మార్కులు, 'రమ ఆత్రుతగా ఉంది' దగ్గరే ఆగిపోతే ఒకటి వేయండి.