కార్బన్ ఫ్రేమ్‌కి దెబ్బ తగిలితే

అందరికీ నమస్కారం. కొండదారుల్లో తొక్కే సైకిళ్ల గురించి ఎక్కడ మాట్లాడినా, కార్బన్ ఫైబర్ పేరెత్తగానే వచ్చే ప్రశ్న ఒకటుంది: “రాయి తగిలితే పగిలిపోదా?” పగలొచ్చు. ఆ మాటకొస్తే అల్యూమినియం కూడా పగులుతుంది. అసలు తేడా, దెబ్బతిన్న సంగతి మనకెలా తెలుస్తుందన్న దగ్గరే ఉంది.

కార్బన్ పోగు మందం 5 నుంచి 7 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు. ఆ పోగుల పొరలను రకరకాల కోణాల్లో పేర్చి, ఎపాక్సీ రెసిన్ అనే జిగురుతో అచ్చులో వేడిచేసి గట్టిపరుస్తారు. పోగు పొడవునా లాగితే దాని బలం అపారం. అడ్డంగా లాగితే భారమంతా రెసిన్ మీద పడుతుంది, దానికంత సత్తా లేదు. అందుకే ఏ బలం ఎటునుంచి వస్తుందో లెక్కేసి పొరలు వేస్తారు. బాగా తయారైన ఫ్రేమ్ ఏళ్ల తరబడి తొక్కినా అంత తేలిగ్గా అలసిపోదు. ఈ విషయంలో అల్యూమినియమే వెనకబడుతుంది, దానికి వెల్డింగ్ దగ్గర సన్నటి పగుళ్ల బెడద ఎక్కువ.

చిక్కంతా మొనదేలిన రాయితో. అల్యూమినియం అయితే సొట్ట పడుతుంది, కంటికి కనిపిస్తుంది. కార్బన్‌కి పైన చిన్న గీతే ఉన్నా లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. గట్టిగా పడ్డ రోజున బురదంతా కడిగి, డౌన్‌ట్యూబ్ (హ్యాండిల్ దగ్గర్నుంచి పెడల్స్ వైపు దిగే గొట్టం) అడుగు భాగాన్నీ, చైన్‌స్టేల (పెడల్స్ దగ్గర్నుంచి వెనక చక్రానికి వెళ్లే గొట్టాలు) లోపలి వైపునూ మంచి వెలుతురులో చూడండి. నాణెంతో తట్టుకుంటూ వెళ్లండి. టక్‌టక్‌మనే శబ్దం ఒకచోట మొద్దుబారితే అనుమానించాలి. అయితే గొట్టం మందం మారే చోట శబ్దం మామూలుగానే మారుతుంది, కాబట్టి కంగారుపడకుండా రెండో వైపు అదే చోట తట్టి పోల్చుకోండి. అనుమానం తీరకపోతే అల్ట్రాసౌండ్ పరీక్ష చేయించాల్సిందే.

రాయి కంటే మన చేతులే ఎక్కువ చెరుపు చేస్తాయని నా అభిప్రాయం. సీటును మోసే గొట్టం, అంటే సీట్‌పోస్ట్ దగ్గర బోల్టును “ఇంకొంచెం” అంటూ బిగించేస్తాం. దానిమీద 5 న్యూటన్ మీటర్లని రాసుంటే బిగింపు ఎంతో కొలిచే టార్క్ రెంచ్‌తో అంతే బిగించాలి. సీట్‌పోస్ట్ జారుతుంటే పట్టు పెంచే కార్బన్ పేస్ట్ రాయాలి. రిపేర్ స్టాండ్‌కి ఫ్రేమ్ గొట్టాన్ని బిగించకండి. వెనక టైరు పక్కన ఇరుక్కున్న బురద కూడా చైన్‌స్టేని గరుకు కాగితంలా అరగదీస్తుంది.

ఇక మరమ్మతు. చాలామంది అనుకునేదానికి భిన్నంగా, కార్బన్‌ని బాగుచేయొచ్చు. చెడిన పొరలను ఏటవాలుగా చెక్కేసి కొత్తవి అతికిస్తారు. పని తెలిసినవాళ్లు చేయాలి, అంతే. అల్యూమినియం ఫ్రేమ్‌కి వెల్డింగ్ చేస్తే ఆ చోట బలం తగ్గుతుంది, మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ ఇవ్వాలి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకి ఒక మాట. డౌన్‌ట్యూబ్ కింది ప్లాస్టిక్ గార్డు విప్పించి, స్టిక్కర్లు తీయించి చూడండి. అమ్మేవాళ్లు అందుకు ఒప్పుకోకపోతే నేనైతే ఆ ఫ్రేమ్ కొనను. ఇక మీ ప్రశ్నలు అడగండి.