ఏనుగులు పడుకున్నయి
(జాతీయ చేనేత దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, మగ్గం దిగి వచ్చిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవాలనే ఉంది. కానీ మగ్గం ఆగిన ప్రతి గంటా కూలి పోయిన గంటే. ఆ సంగతి మా ఇంట్లో చూసిపెరిగినవాణ్ణి. అందుకే నేరుగా విషయానికి వస్తాను.

1905లో ఇదే ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాల్‌లో స్వదేశీ ఉద్యమానికి పిలుపునిచ్చారు. ఆ గుర్తుగానే 2015 నుంచి ఈ రోజును చేనేత దినోత్సవంగా జరుపుకుంటున్నాం. తమ్ముళ్లు నన్ను ‘చేనేత భవిష్యత్తు’ మీద మాట్లాడమన్నారు. నాలుగు పేజీలు రాసుకొచ్చాను. కానీ ఇందాక పోటీకి పెట్టిన చీరలు వేలాడదీసిన చోట నిలబడితే రెండు మాటలు చెవిన పడ్డాయి. ఒక పెద్దాయన, “మగ్గం ముట్టనోళ్లు మార్కులెట్ల వేస్తరు?” అన్నాడు. పక్కనున్న ఒకమ్మ ఊరుకోలేదు. “కట్టుకునేది మేము. మాకు తెల్వదా మంచిదేదో చెడ్డదేదో?” అంది.

ఆ నాలుగు పేజీలు జేబులోనే ఉండనివ్వండి. ఈ తగవు మా ఇంట్లో నలభై ఏళ్లు నడిచింది. ముందు అది చెప్పాలి.

1978. నాకు పద్నాలుగేళ్లు. నాన్న ఒక ఇక్కత్ పట్టు చీర నేసి, నన్ను వెంటబెట్టుకొని పట్నంలో ఒక కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్లాడు. బల్ల వెనక ఒక అధికారి. చదువుకున్న మనిషి, మర్యాదస్తుడే. టేపుతో పొడవు, పన్నా కొలిచాడు. చిన్న అద్దం పెట్టి అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెట్టాడు. ఆ లెక్కలో తప్పేమీ లేదు. తర్వాత చీర బుటా మీద వేలు పెట్టి, “రంగు పాకింది. గీత చెదిరింది” అన్నాడు. ఊదా సిరాతో చీర చివర ‘రెండో రకం’ అని ముద్ర కొట్టాడు. ముప్పై అయిదు రూపాయలు తెగింది.

ఇక్కడ కాసేపు ఆగుతాను. మన ఇండ్లలో పుట్టిన పిల్లలకు సైతం ఈ సంగతి తెలియకుండా పోతోంది.

ఇక్కత్‌లో బొమ్మ బట్ట మీద పుట్టదు, నూలు మీద పుడుతుంది. ఏ పోగు ఎక్కడ ఎరుపు, ఎక్కడ తెలుపు అన్నది నేతకు ముందే తేలిపోవాలి. తెల్లగా ఉండాల్సిన చోట సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పేలికతో గట్టిగా చుడతారు. రంగులో ముంచుతారు, ఆరబెడతారు, విప్పుతారు, ఇంకోచోట కడతారు, మళ్లీ ముంచుతారు. ఆ పోగులను మగ్గం మీద వరుసలో పేరిస్తే బొమ్మ వస్తుంది. పోగన్నది కదలకుండా ఉండదు. పక్కపోగు కంటే వెంట్రుకవాసి అటో ఇటో జరుగుతుంది. అందుకే ఇక్కత్ బొమ్మ అంచు ఈకలాగా ఉంటుంది. కత్తితో కోసినట్టు ఉందంటే అది చాలావరకు అచ్చు గుద్దిందే.

అలాగని చెదిరినదంతా ఒప్పు కాదు. కట్టు వదులైతే రంగు లోపలికి పాకుతుంది. అది నేతగాడి తప్పే, నాన్న కూడా ఒప్పుకునేవాడు. రెండూ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. దగ్గరకు తెచ్చుకొని ఒక్కొక్క పోగూ చూస్తే తేడా దొరుకుతుంది. పాకిన చోట అదే పోగు మీద ఎరుపు పల్చబడుతూ పల్చబడుతూ తెలుపులో కలుస్తుంది. జరిగిన చోట ప్రతి పోగూ ఎరుపు నుంచి తెలుపుకు ఠక్కున మారుతుంది, పక్కపక్క పోగులు మాత్రం మెట్లు మెట్లుగా ఉంటాయి. నాన్న చీరలో ఉన్నవి మెట్లు. ఆ అధికారి చేతిలోనే అద్దం ఉంది. పోగులు లెక్కపెట్టడానికి వాడిన ఆ అద్దాన్నే నాలుగు అంగుళాలు పక్కకు జరిపి ఉంటే ఆయనకూ కనిపించేది.

నాన్న ఏమీ అనలేదు. బస్సులో మాత్రం, “నచ్చలేదని చెప్పి ఉంటే ఇంకొకటి నేసుకొస్తుంటి. తప్పు జేసినవ్ అన్నడు గదరా” అన్నాడు. ఆ మాట నన్ను వదల్లేదు. ముప్పై ఏళ్లకు పైగా బళ్లో లెక్కలు చెప్పాను. పిల్లవాడి దారి నాకు అర్థం కాకపోతే తప్పు అని ఎర్రసిరా గీత గీసేముందు, ఒకసారి పిలిచి ‘ఇది ఎట్లా చేశావు నాయనా’ అని అడిగేవాణ్ణి. అది ఆ బస్సులో నేర్చుకున్నదే.

కాబట్టి పెద్దాయన అన్నది నిజమే అంటారా? ఉండండి. మా అమ్మ సంగతి చెప్పకపోతే కథ సగమే అవుతుంది.

ఆ రెండో రకం చీరను నాన్న ఆ తగ్గించిన ధరకు అమ్మలేదు, ఇంటికి తెచ్చాడు. దసరాకు అమ్మ కట్టుకుంది. పమిట కొంగులో ఏనుగుల వరుస. ఆ ఏనుగుల కోసం నాన్న గ్రాఫ్ కాగితం మీద గడులు నింపుతూ రాత్రులు కూర్చునేవాడు. అమ్మ కొంగు భుజం మీద వేసుకొని, వెనక్కి తిరిగి, మమ్మల్ని చూడమంది. తర్వాత తానే కొంగు ముందుకు లాక్కొని చూసి, “ఏనుగులు పడుకున్నయి” అంది.

నిజంగానే పడుకున్నాయి! మగ్గం మీద చీర అడ్డంగా ఉంటుంది. ఏనుగులు అంచు మీద నిలబడ్డాయి. కట్టుకుంటే కొంగు వీపు మీద నిలువుగా జారుతుంది. ఏనుగులన్నీ పక్కకు ఒరిగిపోయాయి. నాన్న వంటి నేతగాడు, ఒక్క పోగు తప్పిపోతే చీకట్లో వేలితో తడిమి చెప్పగలిగిన మనిషి, అది చూడలేదు. చూడలేడు కూడా, ఆయన ఏనాడూ చీర కట్టుకోలేదు కదా! అమ్మ, “నువ్వు పరిచి చూస్తవు. నేను కట్టుకొని నడుస్త” అంది. నాన్న ఆ పండగపూట అలిగాడు. కానీ ఆ తర్వాతి చీరకు కాగితం తిప్పి పట్టుకొని, ఏనుగుల కాళ్లు కొంగు చివరవైపు వచ్చేట్టు మళ్లీ గీశాడు.

అమ్మకు ఆసు పోయడం, అంటే రంగుకు ముందు నూలును మేకుల చుట్టూ వరుసగా తిప్పడం, వచ్చు. కండెలు చుట్టడమూ వచ్చు. మగ్గం మీద మాత్రం ఎన్నడూ కూర్చోలేదు. అయినా ఆమె చెప్పిన దాంట్లో ఏ నిపుణుడూ వంక పెట్టడానికి లేదు. ఎందుకంటే ఆమె చెప్పింది తన ఒంటి మీద ఉన్నదాన్ని గురించి. ‘ఇది నాకు బరువుగా ఉంది, ఇది నాకు గుచ్చుకుంటోంది, ఇది ఉతికితే రంగు పోయింది’ అనడానికి ఎవరి దగ్గరా సర్టిఫికెట్ తెచ్చుకోనక్కర్లేదు. కానీ ‘ఇది నేతగాడి తప్పు, అందుకని కూలి కోస్తున్నాను’ అనాలంటే ఆ తప్పు ఎక్కడ పుట్టిందో తెలిసి ఉండాలి. నాకు తోచినంతలో ఈ రెండు మాటలకూ మధ్య ఉన్న దూరమే ఈ తగవంతా. ఆ అధికారి రెండో మాట అన్నాడు, దానికి కావలసిన చూపు లేకుండా.

ఆసు మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పనివ్వండి. ఒక చీరకు ఆసు పోయాలంటే చెయ్యి తొమ్మిది వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. మీలో చాలామందికి భుజాలే చెబుతాయి ఆ లెక్క. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు తల్లి లక్ష్మమ్మ భుజం నొప్పి చూడలేక యంత్రం చేయాలనుకున్నారు. ఆరో తరగతితో బడి మానేసిన మనిషి. ఏళ్ల తరబడి పట్టుబట్టి 1999లో పూర్తి చేశారు. తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. చాలా సంతోషం. కానీ ఆ యంత్రం పనికొస్తుందని తేల్చాల్సింది ఎవరు? సాయంత్రానికి భుజం నొప్పి లేకుండా అన్నం కలుపుకున్న ఆడవాళ్లు. అంతకు మించిన పరీక్ష నాకు తెలియదు.

మరి మన పోటీల్లో మార్కులు వేసేవాళ్లలో ఆసు పోసే మనిషి ఏదమ్మా? చీర కట్టే మనిషి ఏది? నేను అధ్యక్షుల వారిని అందరి ముందూ అడుగుతున్నాను. పై ఏడాది నుంచి మార్కులు వేసేచోట ఒక నేతగాడు, ఆసు పోసే ఒకక్క, రోజూ చీర కట్టే ఒకమ్మ కూర్చోవాలి. చీరను గోడకు వేలాడదీసి చూడొద్దు. ఒకరు కట్టుకొని పది అడుగులు నడవాలి. తప్పు అని రాసేముందు నేసినవాణ్ణి పిలిచి అడగాలి.

కొనేవాళ్లు కూడా నాకేం తెలుసులే అని ఊరుకోవద్దు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. అయినా మన పేరు పెట్టి అచ్చు గుద్దిన బట్ట బజార్లో దర్జాగా అమ్ముతున్నారు. దాన్ని పట్టుకోవడానికి నేత నేర్చుకోనక్కర్లేదు. ముందు వరుసలో కూర్చున్న అక్కా, మీరు కట్టింది మనదే అనుకుంటాను. కొంగు ఒక్కసారి తిరగేయండి. రెండువైపులా రంగు ఒకేలా ఉందా? ఉంది కదా! మామూలుగా అచ్చు గుద్దిన బట్టకు వెనకవైపు వెలిసిపోయినట్టు ఉంటుంది. ఇంకా అనుమానముంటే కొసన ఒక పోగు లాగి చూడండి. పోగు మీదే ఎరుపు, తెలుపు విడివిడిగా, పొడుగు పొడుగు ముక్కలుగా కనిపించాలి. బడిపిల్లలకు ఇది అయిదు నిమిషాల్లో నేర్పొచ్చు. పుట్టపాకలో, కొయ్యలగూడెంలో, మన ఊళ్లో ఏ బడిలోనైనా సరే, పిలిస్తే నేను వస్తాను. డబ్బులు వద్దు, బస్సు చార్జీ కూడా వద్దు.

సమయమైందని గంట కొడుతున్నారు. ఒక్క నిమిషం.

ఆ చీర ఈ సంచిలో ఉంది. అమ్మ దాన్ని పాతికేళ్లు కట్టింది. మడతల దగ్గర చీలింది, ఏనుగులు మాత్రం రంగు పోలేదు. చివర ఊదా ముద్ర ఇంకా ఉంది. అంచు మడిచి కుట్టేస్తే కనిపించదని మా అక్క ఎన్నోసార్లు చెప్పింది, అమ్మ ఒప్పుకోలేదు. సభ అయ్యాక ఈ బల్ల మీద పరుస్తాను. మీలో నేసేవాళ్లు మొదటి బుటా ఎడమవైపు అంచు చూడండి, మెట్లున్నాయో పాకిందో మీరే చెప్పండి. అద్దం నేను తెచ్చాను.