ఆయుధాగారం వేరు, మ్యాగజైన్ వేరు

(స్క్రీన్ మీద: విశాఖ ఎన్‌ఏడీ ఫ్లైఓవర్)

విశాఖలో ఎన్‌ఏడీ కొత్తరోడ్డు తెలియనివాళ్లుండరు. ఆ మూడక్షరాలు విప్పితే నేవల్ ఆర్మమెంట్ డిపో. దాన్ని తెలుగులో ఏమంటారంటే 'ఆయుధాగారం' అంటారు. గోల్కొండ సిలాఖానా? ఆయుధాగారం. హైదరాబాద్ గన్‌ఫౌండ్రీ? అదీ ఆయుధాగారమే. ఇన్నిటికీ ఒకే మాట అంటగట్టాక, 'ఆయుధాగారంలో పేలుడు' అని స్క్రోలింగ్ వస్తుంటే నాకు ఉండబట్టదు. అరలో పెట్టిన తుపాకీ భవనాన్ని లేపెయ్యదండీ. లేపేసేది పేలుడు మందు. ఆ రెండింటినీ ఒకే గదిలో పెట్టకూడదన్నది వందల ఏళ్ల నాటి నియమం.

మీ ఊరి గ్యాస్ ఏజెన్సీని గుర్తు తెచ్చుకోండి. ఆఫీసు బజార్లో ఉంటుంది, స్టవ్వులు అక్కడే అరల్లో కనిపిస్తాయి. సిలిండర్ల గోడౌన్ మాత్రం ఊరి బయట, చుట్టూ కంచెతో. స్టవ్వులున్న చోటు ఆయుధాగారం. సిలిండర్లున్న చోటు మ్యాగజైన్. వీడియో అంతా ఈ ఏజెన్సీని పట్టుకునే వెళ్దాం.

ముందు స్టవ్వులు. మన పోలీసులు తుపాకుల గదిని బెల్ ఆఫ్ ఆర్మ్స్ అంటారు, సైన్యంలో కోత్ అంటారు. కంపెనీ కాలంలో కంటోన్మెంట్లలో సిపాయిల తుపాకులు దాచే చిన్న కట్టడాలు గంట ఆకారంలో ఉండేవి, పేరు అక్కణ్నుంచే. 1857 ఫిబ్రవరిలో బెంగాల్‌లోని బెర్హంపూర్‌లో 19వ పటాలం సిపాయిలు బద్దలుకొట్టింది వీటినే.

ఈ గదికి శత్రువులు ఇద్దరు: తుప్పు, దొంగ. అందుకే తుపాకులు ర్యాకులో నిలబెట్టి, ట్రిగ్గర్ గార్డుల్లోంచి గొలుసు దూర్చి తాళం వేస్తారు. ఇచ్చినా తీసుకున్నా బట్ నంబరు, అంటే తుపాకీ మడమ మీది నంబరు, రిజిస్టర్లో పడాల్సిందే. వానాకాలంలో పుల్‌త్రూతో, అంటే గుడ్డ కట్టిన తాడుతో, గొట్టం తుడిచి నూనె పట్టించకపోతే లోపల తుప్పు గుంటలు పడతాయి, ఆ తుపాకీ గురి ఇక నమ్మలేం.

ఇప్పుడు సిలిండర్లు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. మ్యాగజైన్ అనే మాటకి మూలం అరబ్బీ 'మఖ్జన్', దాచే చోటు. మన 'ఖజానా' కూడా అదే ధాతువులోంచి వచ్చింది. అంటే వారపత్రికా, తుపాకీలో తూటాల పెట్టే, మన ట్రెజరీ ఆఫీసూ మాటల్లో చుట్టాలు.

(స్క్రీన్ మీద: శ్రీరంగపట్నం కట్టడం)

2017లో రైల్వే రెండో లైను కోసం ఎత్తి పక్కకి జరిపిన, సుమారు వెయ్యి టన్నుల టిప్పు కట్టడం ఇది. పత్రికలు ఆయుధాగారం అన్నాయి. నిజానికిది మందు దాచిన గది. సగం నేలలోకి దించి, మందపాటి గోడలతో కట్టింది అందుకే.

తుపాకీ మందులో సురేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10. సురేకారం శుభ్రంగా లేకపోతే తేమ లాగుతుంది, మందు గడ్డకడుతుంది. గడ్డకట్టిన మందు సరిగ్గా అంటుకోదు, గుండు దారిలోనే పడిపోతుంది. అందుకని పీపాల్ని అప్పుడప్పుడు దొర్లించేవాళ్లు. గాలి ఆడాలి, కానీ నిప్పురవ్వ రాకూడదు. దానికి చేసిన ఏర్పాటు చూడండి: గోడలో గాలి కన్నం తిన్నగా ఉండదు, లోపల వంకర తిరుగుతుంది. గాలి మలుపు తిరిగి వస్తుంది, రవ్వ గోడకి కొట్టుకుని ఆరిపోతుంది. ఎంత తెలివైన పనో!

రాపిడికి రవ్వ పుడుతుందని లోపల ఇనుము నిషిద్ధం. పీపాల పట్టీలు రాగివో కర్రవో, నేల చెక్కలకి మేకులు కూడా రాగివే. చెప్పులు మార్చుకునే లోపలికి అడుగు పెట్టాలి. దీపం అసలు గదిలో ఉండదు, అద్దం వెనక బయట ఉంటుంది.

ఇవి పాటించినా, చోటు తప్పుగా ఎంచుకుంటే అంతే. 1687 సెప్టెంబరులో, ఇక్కడ గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కిన నెలలోనే, ఏథెన్స్‌లో ఒట్టోమన్లు పార్థినాన్ గుడిలో మందు నింపారు. వెనిస్ సైన్యం వేసిన ఒక్క మోర్టార్ గుండుతో, రెండు వేల ఏళ్లకి పైగా నిలిచిన గుడి నడిమి భాగం ఎగిరిపోయింది. సిలిండర్ల గోడౌన్ని తెచ్చి నడిబజార్లో పెట్టడమంటే అదీ.

సింగరేణి కార్మికులకి, గ్రానైట్ క్వారీలవాళ్లకి ఇదంతా రోజువారీ సంగతి. పేలుడు పదార్థాలు ఒక గదిలో, వాటిని పేల్చే డిటోనేటర్లు విడిగా వేరే గదిలో. పనిచోటికి మోసుకెళ్లేటప్పుడు కూడా పెట్టెలు వేరు. రెగ్యులేటర్ బిగించిన సిలిండర్ని గోడౌన్లో ఎవరైనా పెడతారా? ఇదీ అంతే. పిడుగు పడితే కరెంటు నేలలోకి పోవడానికి కడ్డీ, పక్కవాటికి దెబ్బ తగలకుండా మట్టికట్ట. ఇవి రెండూ లేని మ్యాగజైన్ని నేనైతే మ్యాగజైన్ అననే అనను.

టైమ్ అయిపోతోంది, మిగిలినవి గబగబా. ఆర్సెనల్: అరబ్బీ 'దార్ అస్సినాఆ', తయారీ ఇల్లు. వెనిస్‌లో ఓడలు కట్టిన చోటుకి ఆ పేరు స్థిరపడింది. అక్కడ తయారీ, మరమ్మతు, నిల్వ మూడూ ఉంటాయి. గన్‌ఫౌండ్రీ, అంటే తోప్ కా సాంచా, నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోత పోయించిన చోటు. స్టవ్వుల ఫ్యాక్టరీ అన్నమాట. గోల్కొండ అంబర్‌ఖానా ధాన్యం కొట్టు, ఆయుధాలతో సంబంధం లేదు. అక్కడ శత్రువులు చెమ్మ, ఎలుక, పురుగు.

వార్తల్లో వచ్చే 'ఆయుధాల డంప్' ప్లాస్టిక్ డ్రముల్లో పెట్టి పూడ్చిన రహస్య నిల్వ, దానికి మన 'పాతర' సరిగ్గా సరిపోతుంది. సైన్యం భాషలో డంప్ అంటే యుద్ధరంగం దగ్గర తాత్కాలికంగా పోసిన కుప్ప.

చివరిది డిపో. సరుకు రావడం, పరీక్ష, నిల్వ, పంపిణీ అన్నీ జరిగే పెద్ద ఆవరణ, లోపల దూరదూరంగా షెడ్లు. అంత దూరం పెట్టినా వాటి మధ్య ఎండుగడ్డి ఉంటే మంటకి దారి వేసినట్టే. 2000 ఏప్రిల్లో భరత్‌పూర్ మందుగుండు డిపోలో మంట పాకింది అలాంటి గడ్డి మీదుగానే. వేసవి రాకముందే షెడ్ల చుట్టూ గడ్డి కోయించాలి, కోసినదాన్ని ఆవరణ దాటించాలి.