చైనీస్ క్లీవర్ కొంటున్నారా? ముందు బరువు చూడండి

[బల్ల మీద పక్కపక్కనే రెండు వెడల్పాటి కత్తులు]

చైనీస్ క్లీవర్ అంటే వెడల్పాటి రేకున్న చైనా వంటకత్తి. ఈ రెండిట్లో ఒకటి కూరగాయలది, ఇంకోటి ఎముకలు కొట్టేది. పైనుంచి చూస్తే తేడా తెలియదు. వీపు వైపు, అంటే పదును లేని వైపు తిప్పి చూపిస్తా.

[దగ్గరగా: కత్తుల వీపులు, తర్వాత తక్కెడ]

ఎడమవైపుది రెండు మిల్లీమీటర్ల మందం, బరువు 300 గ్రాముల చిల్లర. కుడివైపుది నాలుగు మిల్లీమీటర్లు దాటింది, 700 గ్రాములకు పైనే. ఆన్‌లైన్‌లో క్లీవర్ అని కొడితే రెండూ కలిసే వస్తాయి, ఫోటోలూ ఒకేలా ఉంటాయి. అందుకే ఫోటో వదిలేసి బరువు చదవండి. బరువు రాయకపోతే ఆ కత్తి జోలికే వెళ్లకండి.

చైనా ఇళ్లలో రోజువారీ తరుగుడంతా పల్చటి కత్తితోనే. దాన్ని ప్యెన్‌దావ్ అంటారు. ఎముకల కత్తి వేరే. మధ్యరకంగా వెన్‌వూదావ్ అని ఇంకోటి ఉంది: ముందు భాగం పల్చగా, పిడి దగ్గర కాస్త మందంగా ఉంటుంది, చిన్న కోడి ఎముకలకు పనికొస్తుంది. మన దగ్గర చికెన్ షాపులోనే ముక్కలు కొట్టి ఇస్తారు కదా, ఇక ఇంట్లో బరువు కత్తి దేనికి? నా ఓటు పల్చటిదానికే.

[ఉల్లిపాయ తరిగి, కత్తి మీదే ఎత్తి బాణలిలో వేయడం]

అంత వెడల్పు ఎందుకో ఇప్పుడు అర్థమైందా? తరిగినదంతా ఒక్కసారే ఎత్తేయొచ్చు. ఎడమచేతి వేళ్లు లోపలికి మడిచి, కణుపులకు కత్తిని ఆనించి నడిపితే వేలు తెగే భయం తక్కువ. పిడిని గుప్పిట్లో బిగించకండి. బొటనవేలు, చూపుడువేలు పిడి ముందున్న రేకును పట్టుకోవాలి. కత్తిని ఊపకుండా, ముందుకు తోస్తూ కిందికి దించండి.

[వెల్లుల్లి రెబ్బ మీద కత్తి పడుకోబెట్టి, అరచేత్తో నొక్కడం]

వెల్లుల్లి, అల్లం చితకడానికీ ఇదే. 2022లో దీని మీద చైనాలో పెద్ద రచ్చే అయింది. హాంగ్‌జౌకు చెందిన పాత కంపెనీ జాంగ్ శ్యావ్‌చ్వెన్ కత్తితో ఒకరు వెల్లుల్లి చితగ్గొడితే కత్తి విరిగింది. అడిగితే, దాంతో వెల్లుల్లి కొట్టకూడదని కస్టమర్ కేర్ జవాబు! కూరగాయల కత్తితో వెల్లుల్లి కొట్టకపోతే ఇంకేం కొట్టాలని జనం ఆడుకున్నారు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి: ఉక్కు మరీ గట్టిదైతే పదును నిలుస్తుంది కానీ పెళుసుగా ఉంటుంది. అందుకే దబీమని బాదకుండా నొక్కండి.

ఇక ఉక్కు సంగతి. హాంకాంగ్ షాంఘై స్ట్రీట్‌లోని చాన్ చీ కీ దుకాణం కార్బన్ స్టీలు కత్తులకు పేరు. ఇట్టే పదునెక్కుతాయి, కానీ తడిగా వదిలేస్తే తుప్పు ఖాయం. చింతకాయ, నిమ్మకాయ, మామిడికాయ తగిలితే నల్లబడతాయి. కోసిన వెంటనే కడిగి తుడిచే అలవాటు ఇంట్లో అందరికీ ఉంటేనే కొనండి. లేదంటే స్టెయిన్‌లెస్ తీసుకోండి. చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని యాంగ్‌జియాంగ్ కత్తులకు పేరున్న ఊరు, అక్కడి షిబాజీ కంపెనీ స్టెయిన్‌లెస్ రకాలు ఇంటివాడకానికి బాగానే ఉంటాయి.

ఆవకాయ కాయలు మాత్రం ఈ పల్చటి కత్తితో కొట్టకండి. టెంక తగిలితే అంచు పెచ్చులూడుతుంది. కొబ్బరికాయా అంతే. గట్టి గుమ్మడికాయలో పల్చటి రేకు ఇరుక్కుంటుంది, బలవంతంగా మెలిపెడితే వంగుతుంది.

[కటింగ్ బోర్డు, సాన రాయి]

గ్రానైట్ గట్టు మీద, గాజు బోర్డు మీద అస్సలు వద్దు. చెక్క బోర్డు వాడండి. పదును తగ్గితే 1000 నంబరు సాన రాయిని నీళ్లతో తడిపి, కత్తిని 15 డిగ్రీల వాలులో పట్టి రెండువైపులా నూరండి. చాకులు లాగి పదునుపెట్టే చిన్న ప్లాస్టిక్ పరికరంలో ఇంత పల్చటి అంచును పెట్టకండి, గీరి పాడుచేస్తుంది.

ఇంకోమాట, ఇది మామూలు చాకుల స్టాండులో పట్టదు. కొనేలోపే గోడకు అయస్కాంతం పట్టీ బిగించుకోండి, పిల్లలకు అందని ఎత్తులో.