వోకీ ఎస్‌ఎం10 శాండ్ వెడ్జ్: ఎం గ్రైండా, డి గ్రైండా?

నమస్కారం అండీ. ఈరోజు చూస్తున్నవి టైటిలిస్ట్ వాళ్ల వోకీ ఎస్‌ఎం10 వెడ్జ్‌లు, అంటే దగ్గరి షాట్లకీ ఇసుకలోంచి కొట్టడానికీ వాడే గోల్ఫ్ క్లబ్‌లు. 2024లో వచ్చిన మోడల్. రెండింటి లాఫ్టూ, అంటే ఫేస్ (బాల్‌కి తగిలే ముఖం) వాలూ, 56 డిగ్రీలే. కానీ ఇలా తిప్పి సోల్ (అడుగు భాగం) చూడండి... దీని మీద 56.08 ఎం, దాని మీద 56.12 డి. చుక్క తర్వాత ఉన్న అంకె బౌన్స్. పక్కనున్న అక్షరం గ్రైండ్, అంటే సోల్‌ని చెక్కిన ఆకారం. గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) పక్కన స్ట్రోకులు వృథా అవుతున్నాయంటే ముందు ఈ బౌన్స్ అంకె చూసుకోండి.

షాఫ్ట్ (క్లబ్ కర్ర) నిటారుగా పెట్టి క్లబ్‌ని నేలకి ఆనించండి. లీడింగ్ ఎడ్జ్ (ఫేస్ కింది అంచు) కాస్త పైకి లేచి ఉంటుంది, సోల్ కిందకి దిగి ఉంటుంది. ఆ వాలే బౌన్స్. క్లబ్ నేలలో దిగబడకుండా జారేది దానివల్లే.

చిప్ (గ్రీన్ పక్కనుంచి కొట్టే చిన్న షాట్) కొట్టేటప్పుడు చాలామంది బాల్‌ని వెనక కాలి దగ్గర పెట్టి, చేతుల్ని బాగా ముందుకు నెట్టేస్తారు. షాఫ్ట్ 6 డిగ్రీలు ముందుకు వాలిందంటే లాఫ్టూ బౌన్సూ రెండూ దాదాపు అంతే తగ్గుతాయి. ఎంలో మిగిలే బౌన్స్ 2 డిగ్రీలు! బాల్‌కి రవ్వంత వెనక తగిలినా క్లబ్ పారలా దిగబడుతుంది, బాల్ రెండడుగులు కూడా పోదు. డిలో అయితే ఇంకా 6 ఉంటుంది కాబట్టి అదే తప్పుకి బాల్ కాస్త పొట్టిగా పడుతుందేమో గానీ, గ్రీన్ మీదకి చేరే అవకాశం ఉంటుంది.

అందుకే స్టాన్స్ (కాళ్లు పెట్టి నిలబడే తీరు) ఇరుకుగా, బరువు 60 శాతం ముందు కాలి మీద, బాల్ మధ్యలో. గ్రిప్ చివర బెల్ట్ బకిల్ వైపు చూడాలి. బాల్‌కి 10 సెంటీమీటర్లు వెనక ఓ టవల్ మడిచి పెట్టి, దానికి తగలకుండా కొట్టండి. టవల్ కదిలిందంటే సాధారణంగా బరువు వెనక కాలి మీదకి పోయిందనే.

బంకర్‌లో (ఇసుక గుంటలో) ముందు ఫేస్ తెరవండి, అంటే పైకి చూసేలా తిప్పండి, ఆ తర్వాతే గ్రిప్ పట్టుకోండి. ముందే పట్టుకుని మణికట్టు తిప్పితే ఇంపాక్ట్‌లో ఫేస్ మళ్లీ మూసుకుంటుంది. బాల్‌కి 5 సెంటీమీటర్లు వెనక ఇసుకలో దిగాలి. మెత్తటి ఇసుకలో డి హాయిగా జారుతుంది.

మరి ఎం ఎవరికి? డివట్ (క్లబ్ తగిలి లేచే గడ్డి పెళ్ల) లోతుగా తీయకుండా గడ్డిని ఊడ్చినట్టు కొట్టేవాళ్లకి, ఫేస్ రకరకాలుగా తెరిచి ఆడేవాళ్లకి. వేసవిలో గట్టిపడిన నేల మీద ఎం లీడింగ్ ఎడ్జ్ బాల్ కిందకి సులువుగా దూరుతుంది. అక్కడ ఎక్కువ బౌన్స్ ఎగిరి బాల్ నడుముకి తగిలే ప్రమాదం ఉంది. వర్షాకాలంలో మెత్తటి నేల మీద మాత్రం డియే. నిటారుగా దిగే స్వింగ్ ఉన్నవాళ్లకి నేను చెప్పేది కూడా డియే.

ఏది కొన్నా గ్రూవ్‌లు (ఫేస్ మీది గాళ్లు) బ్రష్‌తో తోమి, తడి లేకుండా తుడవండి. ఫేస్ తడిగా ఉంటే బాల్ పైకి లేస్తుంది, స్పిన్ పడిపోతుంది.

షాపులో మ్యాట్ మీద కొట్టి మాత్రం నిర్ణయించుకోకండి. మ్యాట్ మీద ఏ సోల్ అయినా జారిపోతుంది, వెనక తగిలిన షాట్ కూడా బాగానే అనిపిస్తుంది. డెమో క్లబ్ అడిగి, గడ్డి మీద కొట్టి చూసి కొనండి.