టిఫిన్ సెంటర్ క్యూ, నాన్న టమాటాలు, అక్క పీహెచ్‌డీ

(దృశ్యం: బెంగళూరు, మారతహళ్లి. ఉదయం ఏడున్నర. టిఫిన్ సెంటర్ ముందు జనం.)

మా అక్క ఇక్కడే మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. ఊరెళ్లిన ప్రతిసారీ పిన్ని ఒకటే అడుగుతుంది: "వ్యాపారం చేసేవాళ్లు చేసుకుంటారు గానీ, దానిమీద పరిశోధనేంటమ్మా? ఎవరికి పనికొస్తుంది?" వెటకారం కాదు, నిజంగా అర్థంకాకే అడుగుతుంది. ఈ వీడియో పిన్ని కోసమే.

ఇది నెల్లూరు బాబాయ్ టిఫిన్ సెంటర్. పక్కన నిలబడి లెక్కపెట్టాను. నిమిషానికి 4 మంది వస్తున్నారు. ఒక్కొక్కరికి ప్లేటు చేతికందేసరికి 10 నిమిషాలు. మరి ఏ క్షణాన చూసినా ఎంతమంది నిలబడి ఉంటారు? నాలుగు పదులు నలభై. తలలు లెక్కపెట్టండి, అటూ ఇటూగా అంతే ఉంటారు.

దీన్ని లిటిల్ సూత్రం అంటారు. జాన్ లిటిల్ అనే ఆయన 1961లో రుజువు చేశాడు. "ఓస్, ఇంతేనా" అనిపిస్తుంది కదా. కానీ ఎవరు దోసె చెప్పారో, ఎవరు ఇడ్లీ చెప్పారో, ఎవరి వంతు ఎప్పుడో ఏదీ తెలియక్కర్లేదు. వచ్చేవాళ్ల వేగం, నిలబడ్డవాళ్ల సంఖ్య, పట్టే సమయం: వీటిలో ఏ రెండు తెలిసినా మూడోది దొరికిపోతుంది. ఆస్పత్రి ఓపీ దగ్గరైనా, బ్యాంకులోనైనా ఇదే లెక్క.

(క్లోజప్: కౌంటర్ దగ్గర చేతులు, టోకెన్లు, చిల్లర డబ్బా.)

బాబాయ్ ఏడాదిగా దోసె మాస్టర్ని తిడుతున్నాడు, చెయ్యి ఆడట్లేదని. అక్క వచ్చి అదే లెక్కని రెండు ముక్కలు చేసింది. టోకెన్ దగ్గర 28 మంది, అంటే 7 నిమిషాలు. ప్లేటు కోసం 12 మంది, అంటే 3 నిమిషాలు. పాపం, మాస్టర్ తప్పేం లేదు. జనం ఆగిపోతోంది చిల్లర దగ్గర! ఫోన్‌తో కట్టేవాళ్లకి వేరే మనిషిని కూర్చోబెట్టాడు బాబాయ్. మాస్టర్‌కి తిట్లు తప్పాయి. నాకైతే క్యూ తగ్గడం కన్నా అదే పెద్ద లాభం అనిపించింది.

(దృశ్యం: మ్యాపు మీద ఉత్తర కేరళ తీరం.)

ఇప్పుడు కొంచెం దూరం వెళ్దాం. 1997 జనవరి 14, వడకర. పట్టిన చేప కొనే దిక్కులేక 11 మంది జాలరులు పారబోయడానికి సిద్ధమయ్యారు. అదే పొద్దున, 15 కిలోమీటర్ల లోపే వేరే రేవుల్లో, చేప కొందామని వచ్చిన 27 మంది అది దొరక్క ఉత్త చేతులతో ఇంటిదారి పట్టబోతున్నారు. ఇద్దరి మధ్యా లేనిది ఒక్క కబురు.

రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త ఇదంతా రాసిపెట్టాడు. మత్తి అనే చిన్న చేప పట్టే 300 పడవల వివరాలు, వారం వారం, 1996 నుంచి 2001 దాకా. ఈలోగా సెల్‌ఫోన్ టవర్లు వచ్చాయి, అదీ అన్నిచోట్లా ఒకేసారి కాదు, ఒక్కో ప్రాంతానికి ఒక్కోసారి. అందుకే ఫోన్ వచ్చిన తీరాన్నీ రాని తీరాన్నీ పక్కపక్కన పెట్టి చూడగలిగాడు. ఫోన్ రాకముందు పట్టిన చేపలో 5 నుంచి 8 శాతం పారబోసేవారు. వచ్చాక అది దాదాపు ఆగిపోయింది. జాలరుల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకి ధర 4 శాతం తగ్గింది. అమ్మేవాడికి ఎక్కువ, కొనేవాడికి తక్కువ! ఊరికే అంటే ఎవరైనా నమ్ముతారా? ఐదేళ్ల లెక్కలు చూపిస్తే నమ్మక తప్పదు. 2007లో అచ్చయిన ఈ పని గురించి చదివినప్పుడల్లా నాకు మా నాన్నే గుర్తొస్తాడు.

(దృశ్యం: టమాటా బాక్సులు లోడవుతున్న మినీ లారీ.)

మాది మదనపల్లె దగ్గర. కోత రోజు రాత్రి నాన్న ఫోన్ చేస్తాడు: "ఏరా, కోలారు మండీలో బాక్సు ఎంత పలికిందో కనుక్కున్నావా?" బండి మదనపల్లెకి తిప్పాలా, కోలారుకి తిప్పాలా అన్నది ఆ ఒక్క మాట మీద ఉంటుంది. నా చిన్నప్పుడు ఆ మాట తెలిసేది కాదు. రేటు పడిపోయిందని మండీ బయటే కాయ గుమ్మరించి వచ్చిన రోజులు అమ్మకింకా గుర్తే.

ఇంకొకటి, త్వరగా చెప్తాను. ముంబై దగ్గరి బట్టల మిల్లుల్లో పరిశోధకులు కొన్నిటికి ఉచితంగా సలహాదారుల్ని పంపి కొన్ని నెలలపాటు పద్ధతులు మార్పించారు, కొన్నిటిలో ఒక నెల పరిశీలనతో ఆపేశారు. చేసిందల్లా నూలుకి చీటీలు కట్టి వరసగా సర్దడం, నేల ఊడ్వడం, ఏ మగ్గం ఎందుకు ఆగిందో రోజూ రాయడం లాంటివి. పద్ధతులు మార్చిన మిల్లుల్లో మొదటి ఏడాదే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. 2013లో ఇది అచ్చయింది.

నాకు బాధ కలిగించేది ఒక్కటే. వీటిలో చాలా వ్యాసాలు ఇంగ్లీషులో, డబ్బు కడితే గానీ తెరుచుకోని చోట ఉంటాయి. జాలరి చెప్పిన లెక్క మళ్లీ జాలరి దగ్గరికి వెళ్లాలి కదా, తన భాషలో.

(దృశ్యం: టిఫిన్ సెంటర్ గోడ మీద క్యాలెండర్.)

బాబాయ్ ఇప్పుడు రోజూ ఎనిమిదింటికి టోకెన్ దగ్గర తలలు లెక్కపెట్టి, తేదీ కింద పెన్సిల్‌తో వేస్తున్నాడు. నిన్న 9. మొన్న 11. ఆదివారం మాత్రం 31. ఆదివారం సంగతేంటో చూద్దామని అక్క ఈ వారం పెందలాడే వస్తానంది. పిన్ని కూడా ఊరినుంచి వస్తోంది. లెక్కపెట్టే పని ఆవిడకే అప్పజెప్పాం.